బెంగళూరు బాల్కనీలో గింజల ఫీడర్: చలికాలపు పిట్టలు ఎందుకు వాలవు?

సంక్షిప్తంగా: మంచు కురిసే దేశాలలో చలికాలం పిట్టలకు కరువు కాలం కనుక ఇంటి పెరట్లో ఫీడర్ (పిట్టల కోసం గింజలు పోసి ఉంచే గొట్టం లేదా గిన్నె) వేలాడదీసే అలవాటు అక్కడ పుట్టింది. బెంగళూరులో అవే నెలలు పిట్టలకు తిండి దొరికే నెలలు. ఉత్తరం నుంచి ఇక్కడికి వలస వచ్చే చిన్న పిట్టలలో అధిక భాగం పురుగులు తిని బతికేవి కావడంతో గింజల ఫీడర్ వాటి కంటికి ఆనదు. ఏడాదంతా ఇక్కడే ఉండే పావురానికి మాత్రం బాగా ఆనుతుంది. ఈ నగరంలో పిట్టలకు ఎద్దడి వచ్చేది మార్చి తరువాత, ముఖ్యంగా నీటికి. ఈ తేడా వెనుక ఉన్న కారణాలనూ, వాటి పర్యవసానాలనూ ఈ వ్యాసం పరిశీలిస్తుంది.

డిసెంబరు మొదలైందంటే న్యూజెర్సీలోని ఎడిసన్ నుంచో, షికాగో నుంచో, టొరంటో నుంచో బెంగళూరులోని తెలుగు ఇళ్ల ఫోన్లకు ఒక తరహా వీడియోలు వస్తుంటాయి. మంచు కప్పిన పెరడు, ఇనుప కొక్కేనికి వేలాడుతున్న గొట్టం లాంటి ఫీడర్, దాని మీద వాలిన ఎర్రటి కార్డినల్ పిట్ట. కొడుకో కూతురో పంపిన ఆ దృశ్యం చూసి మారతహళ్ళిలోనో, హెచ్‌ఎస్‌ఆర్ లేఅవుట్‌లోనో ఉంటున్న పెద్దవాళ్లు అలాంటి ఫీడర్‌నే ఆన్‌లైన్‌లో తెప్పించి నాలుగో అంతస్తు బాల్కనీ చువ్వలకు కట్టడం కొత్త సంగతేమీ కాదు. కార్డినల్ రాదని వారికీ తెలుసు. రంగురంగుల పిట్ట ఏదో ఒకటి రాకపోతుందా అన్న ఆశ మాత్రం ఉంటుంది.

తరువాతి వరుస ఇంచుమించు అన్ని ఇళ్లలోనూ ఒకటే. గొట్టంలో పోసిన సజ్జలూ కొర్రలూ మూడు నాలుగు రోజులు కదలవు. ఆ తరువాత ఒక ఉదయం పావురం ఒకటి బాల్కనీ గట్టు మీద వాలి, తల పక్కకు వాల్చి ఒంటి కంటితో గొట్టాన్ని పరీక్షించి, చిన్న పిట్టల కోసం అమర్చిన పుల్ల మీదికి ఎగరబోతుంది. మూడు వందల గ్రాములకు పైబడిన ఆ ఒంటికి ఆ పుల్ల ఆనదు. కాలు జారుతుంది, రెక్కలు టపటపలాడతాయి, గొట్టం ఊగి గుప్పెడు గింజలు గచ్చు మీద రాలతాయి. ఇక పుల్లతో పనేముంది? వారం తిరిగేసరికి గట్టు మీద డజను పావురాలు, ఆరేసిన బట్టల మీద రెట్టలు, కింది అంతస్తు వారి ఫిర్యాదు, అసోసియేషన్ వాట్సాప్ గ్రూపులో వాదోపవాదాలు.

ఇందులో ఫీడర్ తయారీ లోపమేమీ లేదు. అది ఏ అవసరం తీర్చడానికి పుట్టిందో ఆ అవసరమే బెంగళూరు చలికాలంలో లేదు.

మంచు దేశపు లెక్క

చిన్న పిట్టకు చలి ఎందుకంత ప్రమాదకరమో తెలియాలంటే దాని పరిమాణాన్ని గమనించాలి. శరీరం ఎంత చిన్నదైతే, బరువుతో పోల్చినప్పుడు చర్మపు వైశాల్యం అంత ఎక్కువ. వేడి పోయే దారి కూడా అంతే పెద్దది. పిట్టల శరీర ఉష్ణోగ్రత మనకంటే ఎక్కువ, సుమారు 40 నుంచి 42 డిగ్రీల సెల్సియస్. బయట సున్నాకు పది, ఇరవై డిగ్రీలు దిగువన ఉన్నప్పుడు లోపల ఆ వేడిని నిలపాలంటే కొవ్వు నిరంతరం కరుగుతూనే ఉండాలి.

ఉత్తర అమెరికాలోని నల్లతల చికడీ అనే చిన్న పిట్ట ఇందుకు తరచుగా ఇచ్చే ఉదాహరణ. దాని బరువు దాదాపు 11 గ్రాములే. ఒక్క రాత్రి గడిచేసరికి అందులో పదో వంతు దాకా కరిగిపోతుంది. ఖర్చు తగ్గించుకోవడానికి అది రాత్రి పూట తన శరీర ఉష్ణోగ్రతను పది డిగ్రీల మేర దించుకుంటుంది. తెల్లవారగానే, పోయినదంతా మళ్లీ సంపాదించుకోవాలి. అందుకు దానికున్న వ్యవధి కూడా తక్కువే. ఎడిసన్‌లో డిసెంబరు మూడో వారంలో పగలు తొమ్మిదింబావు గంటలకు మించదు. ఆ కాస్త వెలుతురులోనే, పురుగులు లేని, కొమ్మల మీద మంచు పేరుకున్న చెట్లలో తిండి వెతుక్కోవాలి. నూనె గింజలతో నిండిన ఫీడర్ అక్కడ ఎంత సాయమో దీన్నిబట్టి ఊహించుకోవచ్చు.

ఆ సాయాన్ని కొలిచిన వారూ ఉన్నారు. అమెరికాలోని విస్కాన్సిన్ రాష్ట్రంలో చికడీల మీద జరిపిన పరిశోధన 1988లో ప్రచురితమైంది. ఫీడర్లు అందుబాటులో ఉన్న చోట 69 శాతం పిట్టలు చలికాలాన్ని గట్టెక్కగా, లేని చోట 37 శాతమే గట్టెక్కాయి. అయితే ఈ తేడా చలికాలమంతటా సమానంగా కనిపించలేదు. ఉష్ణోగ్రత సున్నాకు 18 డిగ్రీల దిగువకు పడిపోయిన రోజులు ఎక్కువగా ఉన్న నెలలలోనే స్పష్టంగా కనబడింది. ఓ మోస్తరు చలి ఉన్న నెలలలో ఫీడర్ ఉన్నా లేకపోయినా పెద్ద భేదం లేదు. అదే పరిశోధకులు ఏళ్ల తరబడి ఉన్న ఫీడర్లను తొలగించి కూడా చూశారు. వాటికి అలవాటు పడిన పిట్టలు మిగతా వాటిలాగే అడవి తిండితో నెట్టుకొచ్చాయి. ఫీడర్‌కు మరిగిన పిట్ట సొంతంగా బతకలేదనే భయానికి ఆధారం దొరకలేదన్నమాట.

ఫీడర్ల సంస్కృతి కూడా అలాంటి తీవ్రమైన చలిలోంచే వచ్చింది. 1890-91 చలికాలం బ్రిటన్‌ను గడ్డకట్టించినప్పుడు, ఇళ్ల బయట పిట్టలకు ఏదైనా తిండి పెట్టండని పత్రికలు పాఠకులను కోరాయి. వ్యాపారం ఆ తరువాత వచ్చింది. ఆ వ్యాపారంలో తెలుగు వారికి దగ్గరి సంగతి ఒకటుంది. అమెరికా పెరళ్లలో గోల్డ్‌ఫించ్ అనే పసుపు పిట్టకు సన్నని రంధ్రాల గొట్టాలలో పోసే నల్లటి సన్న గింజ మరేదో కాదు, అరకు లోయలో కొండవాలును పసుపు పచ్చగా కప్పేసే వలిసెలు. కర్ణాటకలో దీన్నే హుచ్చెళ్లు అంటారు. ఇథియోపియాతో పాటు భారతదేశం నుంచి ఈ గింజ అమెరికాకు పిట్టల మేతగా ఎగుమతి అవుతుంది. వలిసెలలో కలిసివచ్చే బంగారు తీగ అనే పరాన్న మొక్క విత్తనాలు అక్కడ మొలకెత్తకుండా ఉండడానికి, మొత్తం సరుకును 120 డిగ్రీల వేడిలో 15 నిమిషాలు ఉంచాలన్నది ఆ దేశపు నిబంధన. మన కొండ పంట అక్కడి మంచులో పిట్టల కడుపు నింపుతుంటే, అక్కడి ఫీడర్ ఇక్కడి బాల్కనీలో పావురాలను నింపుతోంది.

పేరు ఒకటే, కాలం వేరు

బెంగళూరు 13 డిగ్రీల ఉత్తర అక్షాంశం మీద, సముద్ర మట్టానికి సుమారు 920 మీటర్ల ఎత్తున ఉంది. ఎత్తు వల్ల చెన్నై కంటే చల్లన, అక్షాంశం వల్ల ఢిల్లీ కంటే వెచ్చన. డిసెంబరు, జనవరి నెలలలో రాత్రి కనిష్ఠం సాధారణంగా 15, 16 డిగ్రీల దగ్గర ఆగుతుంది. నగర చరిత్రలో నమోదైన అతి తక్కువ ఉష్ణోగ్రత 7.8 డిగ్రీలు, అది 1884 జనవరి నాటి మాట. అన్నిటికంటే చిన్న పగలు కూడా 11 గంటల 20 నిమిషాల పైమాటే, అంటే ఎడిసన్ పగలు కంటే రెండు గంటలకు పైగా ఎక్కువ.

పదిహేను డిగ్రీలు చిన్న పిట్టకు హాయి అని దీని అర్థం కాదు. ఆ చలిలోనూ అది ఈకలు పొంగించుకుని బంతిలా కూర్చుంటుంది, కొంత అదనపు శక్తి ఖర్చు పెడుతుంది. అయితే ఆ ఖర్చును పూడ్చుకునే దారి పొద్దెక్కగానే తెరుచుకుంటుంది. ఎనిమిది, తొమ్మిది గంటలకు ఎండ పడిన ఆకుల మీద దోమలు, ఈగలు, ఆకు పురుగులు, సాలెపురుగులు కదలాడుతూనే ఉంటాయి.

చెట్ల సంగతి చూస్తే ఈ నగరంలో చలికాలం పూల కాలం కూడా. గులాబీ రంగు టబెబుయా నవంబరు నుంచి వీధుల మీద పూలు రాల్చుతుంది. జనవరి తరువాత బూరుగ ఆకు రాల్చి ఎర్రగా పూస్తుంది. రావి, మర్రి, మేడి చెట్లలో ఏదో ఒకటి ఏ నెలలోనైనా కాయలతో ఉంటుంది. పల్లెల వైపు చూస్తే మరీ స్పష్టం. వరి, రాగి, జొన్న కోతలు అయ్యేది ఈ రోజుల్లోనే. కళ్లం మీద రాలిన గింజ, చేలో మిగిలిన పరిగె, వాకిట బియ్యప్పిండి ముగ్గు, గోదావరి జిల్లాలలో చూరుకు వేలాడే వరి కంకుల కుచ్చులు, అన్నీ సంక్రాంతి చుట్టూ ఉన్నవే. వరి కుచ్చు కూడా ఒక రకమైన ఫీడరే. ఆ కుచ్చు పిచ్చుకల ఆకలి తీర్చడానికంటే, ఇంటికి వచ్చిన పంటలో వాటికీ వాటా ఉందని చెప్పడానికి కట్టినది. మంచు దేశపు ఫీడర్ లేమిలోంచి పుడితే, మన కుచ్చు కలిమిలోంచి పుట్టింది.

చెన్నై పరిస్థితి ఇంకొంచెం భిన్నం. ఈశాన్య రుతుపవనాల వల్ల అక్కడ అక్టోబరు నుంచి డిసెంబరు దాకా వానలు. పిట్టల సందడి ఎక్కువగా పళ్ళికరణై చిత్తడి నేల వంటి నీటి తావుల దగ్గర. రాయపేట వైపు డాబాల మీద నానబెట్టిన బియ్యం పరిచి వందలాది రామచిలుకలను పిలిచే అలవాటు అక్కడ పేరు పొందింది. ఆ చిలుకలు కూడా వలస పిట్టలు కావు, ఊళ్లోనే ఏడాదంతా ఉండేవి.

వలస వచ్చినవి ఏం తింటాయి

ఫీడర్ విషయంలో అసలు చిక్కుముడి ఇక్కడే ఉంది. చలికాలంలో బెంగళూరుకు కొత్త పిట్టలు రావడం నిజం. ఆ కొత్త పిట్టలను దగ్గర నుంచి చూడాలన్నదే ఫీడర్ కట్టిన వారి కోరిక కూడా. అయితే అవి తమ స్వస్థలాలను వదిలి వచ్చిన కారణమే వాటిని ఫీడర్‌కు దూరంగా ఉంచుతుంది.

హిమాలయాలలో, మధ్య ఆసియాలో, సైబీరియాలో గింజలు తినే పిట్టలు కొన్ని చలిని తట్టుకుని అక్కడే ఉండిపోగలవు. పురుగులు తినే వాటికి ఆ వీలు లేదు, చలి మొదలవగానే వాటి తిండి కనిపించకుండా పోతుంది. కనుక దక్షిణాదికి దిగివచ్చే చిన్న పిట్టలలో పురుగులు తినేవే ఎక్కువ: గ్రీనిష్ వార్బ్లర్, బ్లైత్స్ రీడ్ వార్బ్లర్, ఏషియన్ బ్రౌన్ ఫ్లైక్యాచర్, వాన నీటి కాలువ పక్కన తోక ఆడిస్తూ తిరిగే గ్రే వ్యాగ్‌టెయిల్, కరెంటు తీగల మీద వరుసగా కూర్చునే వానకోయిల (బార్న్ స్వాలో). సజ్జ గింజ వీటికి గులకరాయితో సమానం.

వీటిలో గ్రీనిష్ వార్బ్లర్‌ను దగ్గరగా గమనిస్తే విషయం మరింత తేటపడుతుంది. బరువు ఏడెనిమిది గ్రాములు. ఆకుపచ్చా బూడిదా కలిసిన రంగు, కంటి పైన లేత పసుపు గీత, రెక్క మీద సన్నని తెల్లని చార. కానుగ చెట్టులో అది కదిలినప్పుడు ఆకే కదిలిందనిపిస్తుంది. ఆకు అడుగున అంటుకుని ఉన్న పురుగును అందుకోవడానికి ఒక్క క్షణం గాలిలో ఆగి, తిరిగి కొమ్మ మీదికి వస్తుంది. కనిపించడం కంటే వినిపించడమే ఎక్కువ. ‘చిస్‌-వీ’ అని రెండు ముక్కలుగా, పొద్దుటి నుంచి సాయంత్రం దాకా పిలుస్తూనే ఉంటుంది. ఆ పిలుపు ఊసుపోక చేసేది కాదు. చలికాలమంతా కొన్ని చెట్లను తనవిగా కాపాడుకుంటూ, తన జాతి పిట్టలనే అటు రానివ్వకుండా చేసే హెచ్చరిక అది. పశ్చిమ కనుమల అడవులలో జరిగిన పరిశోధనలు ఈ ప్రవర్తనను వివరంగా నమోదు చేశాయి. సెప్టెంబరు, అక్టోబరులలో వచ్చి ఏప్రిల్ దాకా ఒకే చెట్ల గుంపును పట్టుకుని ఉండే ఈ పిట్టకు ఇంటి ముందున్న కానుగ చెట్టే ఫీడర్. ఆ చెట్టుకు పురుగుల మందు కొట్టించిన రోజున మాత్రం ఆ ఫీడర్ ఖాళీ అవుతుంది.

మినహాయింపులు లేకపోలేదు. గులాబీ గోరింకలు గింజలనూ తింటాయి. దక్కనులో, రాయలసీమ జొన్న చేలతో సహా, చలికాలంలో మబ్బులా వాలే గుంపులు ఇవే. ఇంగ్లీషు వారు పూర్వం వీటిని జొన్నల పిట్ట అనే పిలిచేవారు. బెంగళూరు లోపలికి వచ్చినప్పుడు మాత్రం వీటి చూపు రావి, మర్రి కాయల మీద, బూరుగ పూల తేనె మీద ఉంటుంది. ఒంటిగా బాల్కనీకి వచ్చే స్వభావం వీటికి లేదు.

చెప్పుకోవాల్సిన మరో అతిథి పొన్నంగి పిట్ట. హిమాలయాల దిగువ నుంచీ మధ్య భారతం నుంచీ రాత్రి పూట ఎగురుతూ దక్షిణానికి వచ్చే ఈ తొమ్మిది రంగుల పిట్ట, అక్టోబరు ప్రాంతంలో అలసిపోయో అద్దాలకు కొట్టుకునో దక్షిణాది నగరాల ఇళ్ల వరండాలలో, ఆఫీసు మెట్ల దగ్గర సొమ్మసిల్లి కనిపిస్తుంటుంది. వలస పిట్ట తనంతట తాను బాల్కనీలో దిగడమంటే చాలాసార్లు ఇదే. ఇదీ పురుగులు తినేదే కనుక గింజలు పెట్టి లాభం లేదు, నోట్లో నీళ్లు పోస్తే ఊపిరితిత్తుల్లోకి పోయే ప్రమాదం ఉంది. గాలి ఆడే అట్టపెట్టెలో చీకటిగా, నిశ్శబ్దంగా కొన్ని గంటలు ఉంచి, తేరుకున్నాక చెట్లున్న చోట వదలడం సరైన పద్ధతి.

గింజ పావురంగా మారే తీరు

గింజలు పెడితే పావురాలతో పాటు పిచ్చుకలు కూడా పెరుగుతాయి కదా అనే వాదన తరచుగా వినిపిస్తుంది. పెరగకపోవడానికి కారణం కూన పెంపకంలో ఉంది.

ఊరపిచ్చుక పెద్దయ్యాక గింజలు తింటుంది గాని, గూటిలోని కూనకు తొలి రోజుల్లో పురుగులే తెచ్చి పెడుతుంది. ఈకలు, కండ ఎదగడానికి కావలసిన మాంసకృత్తులు సజ్జ గింజలో సరిపడా లేవు. అంటే పిచ్చుకల సంఖ్యకు పరిమితి విధించేది ఆ వీధిలో దొరికే పురుగులూ, గూడు పెట్టుకోవడానికి దొరికే సందులూ. ఫీడర్‌లో ఎన్ని గింజలు పోసినా ఆ రెండూ పెరగవు. పెంకుటింటి చూరు పోయి అద్దపు గోడ వచ్చిన వీధిలో పిచ్చుక మాయమవడానికి గింజల కొరత ప్రధాన కారణం కాకపోవచ్చు.

పావురం వేరే దారి కనిపెట్టింది. ఆడా మగా రెండింటి గొంతు సంచి లోపలి పొర నుంచి పాలలాంటి చిక్కని పదార్థం ఊరుతుంది. కూనకు మొదటి రోజుల్లో అదే ఆహారం. పెద్ద పావురం తిన్న గింజే కూనకు పాలుగా మారుతుంది కనుక పురుగులతో పనిలేదు, కాలంతోనూ పనిలేదు. గింజ నిరాటంకంగా దొరికితే ఏడాదిలో ఐదారు సార్లు పిల్లలు చేస్తుంది. పూర్వం కొండ చరియల అంచుల మీద గూడు పెట్టుకున్న ఈ జాతికి ఏసీ యూనిట్ వెనుక జాగా, పైపుల సందు, వాడని బాత్రూము కిటికీ, అన్నీ కొండ చరియలే. కనుక బాల్కనీలో పోసిన కిలో గింజలు కొన్ని వారాలలో పావురం పిల్లలుగా తేలడం ఆ పిట్ట దురాశ కాదు, దాని శరీర నిర్మాణం.

దేశవ్యాప్త లెక్కలు కూడా ఇదే చెబుతున్నాయి. సుమారు 30,000 మంది పక్షి పరిశీలకులు నమోదు చేసిన సమాచారం ఆధారంగా 942 జాతులను అంచనా వేసిన 2023 నాటి భారత పక్షుల స్థితి నివేదిక, బాగా పెరుగుతున్న జాతులలో పావురాన్ని పేర్కొంది. ముంబైలో 2025 వేసవి తరువాత కబూతర్‌ఖానాల (పావురాలకు గింజలు వేసే బహిరంగ తావుల) మూసివేత హైకోర్టు దాకా వెళ్లిన వివాదమైంది. ధార్మిక విశ్వాసం ఒక వైపు, ఆరోగ్య భయం మరో వైపు నిలిచిన ఆ తగాదా తరువాత బెంగళూరు అపార్ట్‌మెంట్లలోనూ ప్రశ్నలు పెరిగాయి.

ఆరోగ్య భయానికి ఎంత ఆధారం ఉంది? ఎండిన రెట్టల ధూళిని, ఈకల పొడిని దీర్ఘకాలం పీల్చే వారిలో కొందరికి ఊపిరితిత్తుల పొరలు వాచి గట్టిపడే జబ్బు వస్తుందన్నది వైద్యశాస్త్రంలో స్థిరపడిన విషయం. ఊపిరితిత్తుల మధ్య పొర వ్యాధులపై 2017లో ప్రచురితమైన భారతీయ రిజిస్ట్రీలో (రోగుల వివరాల నమోదులో) 1,084 మంది రోగులను పరిశీలించగా, దాదాపు సగం మందికి ఈ అలర్జీ తరహా వ్యాధే ఉంది. అయితే అందులో పిట్టల కంటే ఎయిర్ కూలర్ల ప్రభావానికి గురైన వారే ఎక్కువ మంది ఉన్నారన్నది చర్చల్లో ఎవరూ ఎత్తని ముక్క. కిటికీలోంచి పావురాన్ని చూసిన మాత్రాన ముప్పు లేదు. రెట్టలు పేరుకున్న మూసిన బాల్కనీని రోజూ పొడి చీపురుతో ఊడ్చే వారికి ఉంది. తడిపి, ముక్కుకు మాస్కు కట్టుకుని తుడవాలని చెప్పేది అందుకే.

గుంపు, తడి, జబ్బు

అడవిలో చెదురుమదురుగా తినే పిట్టలను ఒకే గిన్నె చుట్టూ చేర్చడమే ఫీడర్ చేసే పని. చూసేవారికి సౌకర్యం, సూక్ష్మజీవులకు కూడా. అమెరికాలో 1994లో బయటపడిన హౌస్‌ఫించ్ పిట్టల కంటి జబ్బు, 2020-21 చలికాలంలో పైన్ సిస్కిన్ పిట్టలను పడగొట్టిన సాల్మొనెల్లా అనే బాక్టీరియా, రెండూ ఫీడర్ల చుట్టూ పాకినవే. బ్రిటన్ అనుభవం మరీ ఆలోచింపజేస్తుంది. పావురాల గొంతులో పూర్వం నుంచీ ఉన్న ట్రైకోమోనాస్ అనే పరాన్నజీవి 2005 ప్రాంతంలో గ్రీన్‌ఫించ్ పిట్టలకు సోకింది. తినలేక కక్కిన గింజను మరో పిట్ట ఏరుకోవడం ద్వారా అది వ్యాపించింది. లక్షల సంఖ్యలో పిట్టలు పోయి, 2021 నాటికి గ్రీన్‌ఫించ్ అక్కడి ప్రమాద జాతుల ఎర్ర జాబితాలో చేరింది. వందేళ్లకు పైగా ఫీడర్ల అలవాటున్న దేశమే బల్లపరుపు గిన్నెల విషయంలో ఇప్పుడు వెనక్కి తగ్గుతోంది. పైన వాలిన పిట్ట రెట్ట నేరుగా గింజల్లోనే పడడం వాటి దోషం.

బెంగళూరు వాతావరణం దీనికి తడిని కలుపుతుంది. నవంబరు, డిసెంబరులలో బంగాళాఖాతంలో వాయుగుండం పట్టినప్పుడల్లా నగరాన్ని రెండు మూడు రోజులు ముసురు కప్పేస్తుంది. 2024 నవంబరు చివర ఫెంగల్ తుపాను పుదుచ్చేరి దగ్గర తీరం దాటినప్పుడు ఇక్కడ ఎండ జాడే లేకుండా పోయింది. అలాంటి తడిలో గింజలు రెండు రోజుల్లో బూజు పడతాయి. వేరుశెనగ మరీ సున్నితం. తేమ తగిలిన పప్పు మీద పెరిగే బూజు అఫ్లాటాక్సిన్ అనే విషాన్ని తయారుచేస్తుంది. కార్తీక మాసం చివరి సోమవారం బసవనగుడిలో జరిగే కడలెకాయి పరిషె నుంచి సంచి నిండా తెచ్చిన పల్లీలలో మిగిలిన పుచ్చువీ ముక్కవీ పిట్టలకు పడేయడం దయ అనిపించుకోదు. ఉప్పు చల్లిన మిక్చరు, బిస్కెట్లు, పులిసిన అన్నం సంగతీ ఇంతే.

పక్షుల ఫ్లూ కూడా చలికాలపు సమస్యే. 2021 జనవరిలో రాజస్థాన్, మధ్యప్రదేశ్‌లలో కాకులు గుంపులుగా చనిపోయినప్పుడు ఆ వైరసే కారణమని తేలింది. చచ్చిన పిట్టలు ఒకటి కంటే ఎక్కువ ఒకే చోట కనిపిస్తే చేతితో తాకకుండా పశుసంవర్ధక శాఖకు తెలపడం, గిన్నెలు తీసేయడం మొదటి పనులు.

ఎద్దడి ఎప్పుడు

బెంగళూరు పిట్టలకు కష్టకాలం కేలండరులో మరోచోట ఉంది. 2016 ఏప్రిల్ 24న నగరంలో ఉష్ణోగ్రత 39.2 డిగ్రీలు తాకింది. 2024 ఏప్రిల్ చివర 38.5కు చేరింది. ఆ 2024 వేసవిలోనే బోర్లు ఎండి, ట్యాంకర్ల కోసం అపార్ట్‌మెంట్లు బారులు తీరాయి. పిట్టకు చెమట పట్టదు. ముక్కు తెరిచి గొంతును వేగంగా అదిలించి, లోపలి తడిని ఆవిరి చేసుకోవడం ద్వారానే అది ఒంటిని చల్లబరుచుకుంటుంది. ఆవిరైన నీటిని మళ్లీ తాగకపోతే ఆ యంత్రం ఆగిపోతుంది. చలికాలంలో చికడీకి కొవ్వు ఎంత అవసరమో, ఏప్రిల్‌లో పిగిలిపిట్టకు (బుల్‌బుల్‌కు) నీళ్లు అంత అవసరం.

నీటి గిన్నెకు గింజల గిన్నెకు లేని గుణం ఒకటుంది: దాని దగ్గర ఆహారపు తేడాలు చెల్లవు. పురుగులు తినేదీ, పండ్లు తినేదీ, తేనె తాగేదీ నీటికి రావలసిందే. చలికాలంలో కూడా వార్బ్లర్ వంటి పిట్టను బాల్కనీ దాకా రప్పించగలిగినది ఏదైనా ఉంటే అది పల్లెంలో రెండు అంగుళాలకు మించని నీరే. వెడల్పాటి మట్టి మూకుడు, మధ్యలో కాలు మోపడానికి ఒక గరుకు రాయి, పిల్లి దాగలేని చోటు, ఇంతే. రోజూ, కనీసం రెండు రోజులకోసారి నీరు పారబోసి తోమడం తప్పనిసరి. డెంగ్యూ దోమ గుడ్డు నుంచి ఎగిరే దశకు చేరడానికి దాదాపు వారం పడుతుంది కనుక రెండు రోజుల నీటిలో అది తయారు కాలేదు. 2024 సెప్టెంబరులో డెంగ్యూను అంటువ్యాధిగా ప్రకటించిన రాష్ట్రంలో ఈ జాగ్రత్తను తేలిగ్గా తీసుకోలేరు.

కుండీలలో చేయగలిగినది కూడా కొంత ఉంది. ఎర్రని గొట్టం పూల హమేలియా ఒక్క మొక్క ఉంటే తేనెపిట్టలు నాలుగో అంతస్తుకైనా వస్తాయి. పూల తేనెతో పాటు ఆ మొక్క మీది సాలెపురుగులనూ ఏరుకుంటాయి. ఆన్‌లైన్‌లో దొరికే ఎర్రని పంచదార నీళ్ల ఫీడర్లు అమెరికా ఖండాలలో తప్ప మరెక్కడా లేని హమ్మింగ్‌బర్డ్‌ల కోసం చేసినవి. ఇక్కడి పగటి ఎండకు ఆ పానకం ఒకటి రెండు రోజుల్లో పులుస్తుంది.

చూడడం, లెక్కపెట్టడం

ఫీడర్ దగ్గర పిట్టలను చూడడం శాస్త్రానికి పనికివచ్చిన సందర్భం కూడా మంచు దేశాలదే. కెనడాలోని ఒంటారియోలో 1976లో మొదలైన ఇంటి ఫీడర్ల సర్వే, 1987 నుంచి ఉత్తర అమెరికా అంతటికీ విస్తరించి ప్రాజెక్ట్ ఫీడర్‌వాచ్‌గా మారింది. అందులో ఒక నియమం మొదట వింతగా తోచినా చాలా తెలివైనది. రోజంతా వచ్చిన పిట్టలను కూడకూడదు. ఒక జాతికి చెందినవి ఒకే క్షణంలో గరిష్ఠంగా ఎన్ని కనిపించాయో అదే రాయాలి. ఒకే చికడీ గంటలో నలభై సార్లు వచ్చి ఒక్కో గింజ పట్టుకుపోతుంది. కూడితే నలభై చికడీలు అవుతాయి, ఉన్నది ఒకటే. బాల్కనీ గట్టు మీద పావురాలు “వందలు” అని గ్రూపులో రాసేవారికి కూడా ఈ నియమం వర్తిస్తుంది.

భారతదేశంలో దీనికి దగ్గరి బంధువు, ఏటా ఫిబ్రవరిలో నాలుగు రోజులు జరిగే గ్రేట్ బ్యాక్‌యార్డ్ బర్డ్ కౌంట్. అమెరికాలో 1998లో మొదలై 2013లో ప్రపంచమంతటికీ తెరుచుకున్న ఈ లెక్కింపులో భారతీయులు ఆ ఏడాది నుంచే పాల్గొంటున్నారు. పేరులో పెరడు ఉన్నా ఫీడర్ అక్కరలేదు. డాబా, బాల్కనీ, జక్కూరు చెరువు గట్టు, లాల్‌బాగ్ బెంచీ, ఏదైనా సరే. కనీసం 15 నిమిషాలు ఒక చోట ఉండి, కనిపించిన, వినిపించిన జాతులన్నీ రాసి, పిట్టల జాబితాలు చేర్చే ఈబర్డ్ అనే వెబ్‌సైటులో నమోదు చేయాలి.

రెండు పద్ధతులకూ ఉన్న తేడా చిన్నదిగా కనిపించినా బెంగళూరుకు కీలకం. ఫీడర్‌వాచ్‌లో మనం పెట్టిన తిండికో, నీటికో, పెంచిన మొక్కకో ఆకర్షితమై వచ్చిన పిట్టలకే చోటు. తలపై నుంచి ఎగిరిపోయేవి లెక్కలోకి రావు. ఫిబ్రవరి లెక్కింపులో చెవికి తగిలినదీ లెక్కే, ఆకాశంలో తిరిగే గద్దా లెక్కే. ఏడు గంటల వేళ కాఫీ గ్లాసుతో నాలుగో అంతస్తు బాల్కనీలో పావుగంట నిలబడితే తయారయ్యే జాబితాలో పావురాలు 9, గద్దలు 3, కాకులు 4, పిగిలిపిట్టలు 2, తేనెపిట్ట 1, టంగు టంగుమనే కంసాలిపిట్ట 1 ఉండవచ్చు. చివరి వరుస తరచుగా కానుగ చెట్టులోంచి వచ్చిన ‘చిస్‌-వీ’ది: గ్రీనిష్ వార్బ్లర్ 1, కనిపించలేదు, వినిపించింది.